నాందేడ్ హైస్కూళ్లలో మన పిల్లలు ఇంగ్లీషు మాటలు నేర్చిన నూరేళ్ల కథ



ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. చాయ్ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి. పిల్లలు హైస్కూల్లో ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలని మనవి.

ప్రతి జూన్‌లో మనలో ఒకటే మాట వినిపిస్తుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల పదకొండో తరగతి సైన్సులో చేరుతుంది. రెండు నెలలకు ముఖం వాడిపోతుంది. "లెక్కలు వచ్చు బాపూ, కానీ ప్రశ్నే అర్థం కావట్లేదు" అంటుంది. దానికి మనవాళ్లు ఇచ్చే సలహా ఏమిటంటే, "ఇంట్లో తెలుగు మానెయ్యండి. తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, నాలుగు భాషలు ఆ చిన్న తలలో ఎలా పడతాయి?"

ఈ సలహా విని నిజంగానే ఇంట్లో తెలుగు మానేసిన కుటుంబాలు మనలో ఉన్నాయి. మానేశాక ఇంగ్లీషు వచ్చిందా అంటే, చెప్పలేరు. తెలుగు పోయిన సంగతి మాత్రం కనిపిస్తూనే ఉంది. అవ్వతో మనవడు మరాఠీలో మాట్లాడతాడు, అవ్వకు సగం అర్థమవుతుంది.

అందుకే ఒక ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్లి చూద్దాం. నాందేడ్‌లో మన పెద్దలు కష్టమైన ఇంగ్లీషు మాటలు ఏ భాష మీదుగా నేర్చుకున్నారు? ఎక్కడ తట్టుకున్నారు? ఎక్కడ దారి దొరికింది?

*మనం ఎక్కడివాళ్లం*

తెలిసిన సంగతే అయినా, పిల్లల కోసం ఒకసారి చెప్పుకుందాం. నాందేడ్ నిజాం రాజ్యంలో ఒక జిల్లా. గోదావరి ఇక్కడ పారి బాసర మీదుగా తెలంగాణలోకి దిగుతుంది. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలు మార్గం వచ్చాక నిజామాబాద్, బాసర, ధర్మాబాద్, ముద్ఖేడ్, నాందేడ్ ఒకే దారం మీద పూసల్లా అయ్యాయి. మగ్గం పని తెలిసినవాళ్లు, వ్యాపారం తెలిసినవాళ్లు ఆ రైలెక్కి వచ్చారు. అంతకుముందు నుంచే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఊళ్లలో తెలుగు ఉంది. మన ఇంటిపేర్ల చివర కనిపించే "వార్" మన తెలుగు "వారు" అనే పెద్దలు చెబుతారు.

1956 నవంబరు 1న రాష్ట్రాలు విడిపోయినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్ ఇటు వచ్చింది. ఒకే ఇంటి ఆడపిల్లలు ఇద్దరిలో ఒకరిని బిచ్కుందకు, ఒకరిని దెగ్లూర్‌కు ఇచ్చి ఉంటే, ఆ అక్కాచెల్లెళ్ల పిల్లలు ఆ రోజు నుంచి వేర్వేరు భాషల్లో చదువుకున్నారు. ఒకరి సైన్సు పుస్తకం తెలుగులో, ఇంకొకరిది మరాఠీలో. ఇద్దరికీ ఇంగ్లీషు మాత్రం పరాయిదే.

*ఉర్దూ మీదుగా ఇంగ్లీషు*

దానికంటే ముందు ఇద్దరిదీ ఒకటే బడి. అది ఉర్దూ బడి.

నిజాం రాజ్యంలో చిన్న తరగతుల్లో అక్కడక్కడ ఇంటి భాష ఉన్నా, హైస్కూలుకు వచ్చేసరికి చదువంతా ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. డాక్టరీ నుంచి ఇంజినీరింగ్ దాకా ఒక భారతీయ భాషలో చెప్పాలని పెట్టిన విశ్వవిద్యాలయం అది. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టు, మిగతావన్నీ ఉర్దూలో. అందుకు పుస్తకాలు కావాలి కాబట్టి 1917లోనే హైదరాబాద్‌లో ఒక అనువాద శాఖ తెరిచారు, దాని పేరు దారుల్ తర్జుమా. ఇంగ్లీషులోని శాస్త్రపు మాటలకు అరబ్బీ, ఫారసీ ధాతువుల నుంచి ఉర్దూ మాటలు అక్కడే తయారయ్యాయి.

ఈ కథలో మన మరాఠ్వాడాకు పెద్ద పాత్ర ఉంది, చాలామందికి తెలియదు. మౌల్వీ అబ్దుల్ హక్ అనే పండితుడు ఔరంగాబాద్‌లో ఉండి అంజుమన్ తరక్కీ ఉర్దూ అనే సంస్థను నడిపారు. ఆ సంస్థ 1937లో ఒక పెద్ద ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువును అచ్చు వేసింది. ఉర్దూలో చదువుకునేవాడికి కష్టమైన ఇంగ్లీషు మాట తగిలితే తెరవడానికి అదొక పెద్ద అండ. తెలుగుకు బ్రౌన్ దొర 1852లోనే తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. మరాఠీకి మోల్స్‌వర్త్ నిఘంటువు 1831లో వచ్చింది. కానీ ఉర్దూ మీడియం బడిలో కూర్చున్న తెలుగు పిల్లవాడికి మాస్టర్ సాబ్ చెప్పే అర్థం ఉర్దూలోనే వచ్చేది.

అంటే వాడు రెండు గడపలు దాటాలి. ఇంగ్లీషు మాటకు ఉర్దూ అర్థం చెబుతారు. ఆ ఉర్దూ మాట ఏమిటో వాడు ఇంటికి వచ్చి తెలుగులో తేల్చుకోవాలి. "హైపోటెన్యూస్" అంటే "వతర్" అని బోర్డు మీద రాస్తారు. వతర్ అంటే ఏమిటి? మన "కర్ణం" అని చెప్పేవాళ్లు బడిలో ఎవరూ లేరు. "ట్రయాంగిల్" అంటే "ముసల్లస్". "ఫ్రాక్షన్" అంటే "కస్ర్". ఇంట్లో బాపుకు భిన్నం తెలుసు, కస్ర్ తెలియదు.

అయినా ఆ తరంవాళ్లలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. దానికి ఒక కారణం వాళ్లకు తెలియకుండానే దొరికిన చుట్టరికం. ఉర్దూలో బీజగణితాన్ని "జబ్ర్-ఓ-ముకాబలా" అంటారు. ఇంగ్లీషు "ఆల్జీబ్రా" అరబ్బీ "అల్ జబ్ర్" నుంచే వచ్చింది. "జుగ్రాఫియా", "జియోగ్రఫీ" రెండూ ఒకే గ్రీకు మాట నుంచి వచ్చినవి. "ఫల్‌సఫా", "ఫిలాసఫీ" కూడా అంతే. సున్నాను ఉర్దూలో "సిఫ్ర్" అంటారు. ఇంగ్లీషులోని "జీరో", "సైఫర్" రెండింటికీ మూలం ఆ సిఫ్రే. ఆ సిఫ్ర్ మన "శూన్యం" అనే మాటకు అరబ్బులు చేసుకున్న అనువాదం. మాట మన దేశం నుంచి బయలుదేరి, బగ్దాదు, ఇటలీ తిరిగి, ఇంగ్లీషు వేషంలో నాందేడ్ బడిలోకి వచ్చి కూర్చుంది.

ఈ చుట్టరికాన్ని విప్పి చెప్పే మాస్టర్ సాబ్ దొరికిన పిల్లవాడికి మాట ఒక్కసారి వింటే మనసులో పడిపోయేది. దొరకనివాడు బట్టీ పట్టాడు. నూరేళ్లుగా మన పిల్లల మధ్య తేడా ఇక్కడే వస్తోంది.

*నాగ్‌పూర్ దారి పట్టినవాళ్లు*

1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందిని నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పాములపర్తి వెంకట నరసింహారావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొని నాగ్‌పూర్ దారి పట్టినవారే. ఉర్దూ చదువు నుంచి ఇంగ్లీషు చదువులోకి, తెలుగు ఊరి నుంచి మరాఠీ ఊరికి ఒకేసారి మారిన కుర్రవాడు.

తర్వాత ఆయన ప్రధాని అయ్యారు, అది అందరికీ తెలుసు. మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను ఆయన "అబల జీవితం" అని తెలుగు చేశారు. విశ్వనాథ వారి "వేయిపడగలు"ను హిందీలోకి తెచ్చారు. 1984లోనూ 1989లోనూ మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇన్ని భాషలు నేర్చిన మనిషికి తెలుగు అడ్డం పడలేదు. ఆయన అసాధారణ మనిషి, అందరూ ఆయనలా కాలేరు, ఒప్పుకుంటాను. కానీ నాలుగు భాషలు ఒక తలలో పట్టవు అనే మాట మాత్రం ఆయన దగ్గర నిలవదు.

*పదేళ్లలో మూడు మలుపులు*

1946లో ఉర్దూ మీడియంలో ఐదో తరగతిలో చేరిన మన పిల్లవాడిని ఒకసారి ఊహించుకోండి. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసేనాటికి వాడు ఏడో తరగతి. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. బడుల్లో ఉర్దూ తగ్గి మరాఠీ వచ్చింది. వతర్ పోయి కర్ణ వచ్చింది, ముసల్లస్ పోయి త్రికోణ్ వచ్చింది. నేర్చుకున్న శాస్త్రపు మాటలన్నీ ఒక్కసారిగా చెల్లని నోట్లు అయ్యాయి. కర్ణ మాత్రం మన తెలుగుకు దగ్గరి మాట, అది వాడికి కలిసొచ్చింది.

1950లో స్వామి రామానంద తీర్థ ప్రేరణతో నాందేడ్‌లో పీపుల్స్ కాలేజీ వచ్చింది. పై చదువుకు హైదరాబాద్ వెళ్లలేని ఇళ్లకు అది పెద్ద వరం. తర్వాత ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన నరహర్ కురుంద్కర్ మరాఠీ ఆలోచనాపరుల్లో పెద్దపేరు.

1956లో బొంబాయి రాష్ట్రంలో కలవడంతో మూడో మలుపు వచ్చింది. ఖేర్, మొరార్జీ దేశాయ్ ప్రభుత్వాల కాలంలో ఆ రాష్ట్రంలో ఇంగ్లీషును కింది తరగతుల నుంచి తీసేసి ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు. మాతృభాషలో పునాది పడాలన్న ఆలోచన మంచిదే. కానీ మన పిల్లవాడికి ఆ మాతృభాష మాతృభాష కాదు. తెలుగు ఇంటి నుంచి వెళ్లి ఏడేళ్లు మరాఠీ నేర్చుకుని, ఎనిమిదిలో ఇంగ్లీషు అక్షరాలు మొదలుపెట్టి, మూడు నాలుగేళ్లకు మెట్రిక్ ఇంగ్లీషు పేపర్ రాయాలి. మహారాష్ట్ర ఏర్పడ్డాక ఐదో తరగతి నుంచి ఇంగ్లీషు వచ్చింది. 2000లో ఒకటో తరగతి నుంచే మొదలైంది.

మన బాపులు, కాకలు "మాకు ఇంగ్లీషు రాదు" అని తలదించుకుంటారు. అది వాళ్ల బుర్ర లోపం కాదు. వాళ్లకు ఇంగ్లీషు కోసం దొరికిన ఏళ్లే అన్ని.

*అర్థం తెలిసినా అర్థం కాని మాటలు*

మరాఠీ మీడియం కాలంలో ఇంగ్లీషు మాటలకు రెండు ఆధారాలు ఉండేవి. ఒకటి తర్ఖడ్కర్ భాషాంతర పాఠమాల, మరాఠీ వాక్యాన్ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును మరాఠీలోకి మార్చడం నేర్పే పుస్తకాలు. రెండోది గైడు. పాఠం చివర ఇంగ్లీషు మాట, పక్కన మరాఠీ అర్థం.

మరాఠీ, తెలుగు రెండూ సంస్కృతం నుంచి మాటలు తెచ్చుకున్నాయి. అందువల్ల మనకు చాలా సులువు అయింది. "ఈక్వేషన్" అంటే మరాఠీలో సమీకరణ్, తెలుగులో సమీకరణం. "స్క్వేర్ రూట్" అంటే వర్గమూల్, వర్గమూలం. "గ్రావిటేషన్" అంటే గురుత్వాకర్షణ్, గురుత్వాకర్షణ. "ఎవాపొరేషన్" అంటే బాష్పీభవన్, బాష్పీభవనం. సరిహద్దు అవతల తెలుగు మీడియంలో చదివే మేనబావ, ఇవతల మరాఠీ మీడియంలో చదివే మేనమరదలు సెలవుల్లో కలిస్తే ఒకే పాఠం మాట్లాడుకోగలరు.

అయితే ఇదే చోట ఒక గొయ్యి ఉంది. మాట ఒకటే, అర్థం వేరు. ఇవి చూడండి:

- "ఇండస్ట్రీ"కి గైడులో "ఉద్యోగ్" అని ఉంటుంది. తెలుగులో ఉద్యోగం అంటే నౌకరీ.
- "ఆక్యుపేషన్"కు "వ్యవసాయ్". మనకు వ్యవసాయం అంటే సేద్యం. ప్రశ్నలో తండ్రి ఆక్యుపేషన్ అడిగితే, మగ్గం నేసే ఇంటి పిల్ల "మాకు పొలం లేదు" అనుకుంటుంది.
- "శాటిస్‌ఫాక్షన్"కు "సమాధాన్". మనకు సమాధానం అంటే జవాబు.
- "ఆన్సర్"కు "ఉత్తర్". మనకు ఉత్తరం అంటే పోస్టులో వచ్చేది, లేకపోతే ఒక దిక్కు.
- "ఆపర్చునిటీ"కి "సంధీ". మనకు సంధి అంటే రాజులు చేసుకునేది, వ్యాకరణంలో వచ్చేది.
- "స్పేస్"కు "అవకాశ్". మనకు అవకాశం అంటే అదే ఆపర్చునిటీ.
- "ప్రైడ్"కు "అభిమాన్". మనకు అభిమానం అంటే ప్రేమ, సినిమా హీరో మీద ఉండేది.
- "యాంగర్"కు "రాగ్". మనకు రాగం అంటే పాట.
- "వెల్ఫేర్"కు "కల్యాణ్". మనకు కల్యాణం అంటే పెళ్లి.
- మరాఠీలో "ప్రపంచ్" అంటే ఇల్లూ సంసారమూ. మనకు ప్రపంచం అంటే భూగోళమంతా.

నవ్వు వస్తుంది, కానీ పరీక్ష హాల్లో నవ్వులాట కాదు. పైపైన తెలిసిన మాటలా ఉంటుంది కాబట్టి పిల్ల ఆగి అడగదు. తెలియని మాట అయితే అడిగేది. తెలిసిందనుకున్న మాటే ముంచుతుంది.

సైన్సులోనూ ఇది ఉంది. "రిఫ్లెక్షన్" రెండింటిలోనూ పరావర్తనమే. "రిఫ్రాక్షన్" మాత్రం మరాఠీలో అపవర్తన్, తెలుగులో వక్రీభవనం. నిజామాబాద్ నుంచి తెలుగు గైడు తెప్పించుకుని, ఇక్కడ మరాఠీ పాఠం విని, పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లకు ఈ తేడా ఎవరో ఒకరు వేలుపెట్టి చూపించాలి. బడి చూపించదు, ఎందుకంటే బడిలో చాలామందికి తెలుగు రాదు. ఇంటివాళ్లు చూపించరు, ఎందుకంటే సైన్సు తెలియదు. ఈ మధ్యలో ఉన్న ఖాళీయే సంఘం నింపాల్సిన చోటు.

*మగ్గం నేర్పిన ఇంగ్లీషు*

బడికి వెళ్లనివాళ్లు కూడా ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నారని మరచిపోవద్దు. నిజాం కాలంలో నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు వచ్చింది. మిల్లు భోంగా మీదే ఊరు లేచేది. స్పిన్నింగ్, వీవింగ్, బాబిన్, జాబర్, ఫిట్టర్, షిఫ్టు, మస్టరు, ఓవర్‌టైం. ఇవన్నీ సంతకం పెట్టడం రాని మనుషులు కూడా తప్పు లేకుండా వాడిన మాటలు. ఎందుకంటే ఆ మాట వెనక వస్తువు చేతిలో ఉంది. బాబిన్ అంటే కండె అని ఎవరూ బోర్డు మీద రాయలేదు, చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఒక చిన్న సంగతి చెబుతాను. లాటిన్‌లో నేయడాన్ని "టెక్సెరె" అంటారు. "టెక్స్‌టైల్" అక్కడిదే. "టెక్స్చర్" అక్కడిదే, నేత పోత ఎలా ఉందో చేత్తో తడిమి చూడటం. "టెక్స్ట్" కూడా అక్కడిదే, మాటలతో నేసిన గుడ్డ. "కాంటెక్స్ట్" అంటే ఆ మాటను చుట్టుపక్కల మాటలతో కలిపి నేసిన తీరు. పడుగు, పేక తెలిసిన ఇంటి పిల్లకు ఈ నాలుగు మాటలూ ఐదు నిమిషాల్లో వస్తాయి, బతికినన్నాళ్లూ పోవు. నాడెను ఇంగ్లీషులో "షటిల్" అంటారు. అటూ ఇటూ తిరిగే నాడెను చూసిన పిల్లకు షటిల్ రైలు, షటిల్ కాక్, స్పేస్ షటిల్ వేరువేరుగా బట్టీ పట్టనక్కర్లేదు.

ఇంగ్లీషు కూడా మన వీధుల నుంచి మాటలు ఎత్తుకుపోయింది. "డంగరీ" అనే గుడ్డ పేరు ముంబైలోని డోంగ్రీ నుంచి, "కాలికో" కాలికట్ నుంచి, "ఖాకీ" ఉర్దూ నుంచి వెళ్లాయి. "బ్యాండికూట్" అయితే అచ్చంగా మన పందికొక్కే. ఈ మాట చెప్పి చూడండి, క్లాసులో వెనక బెంచీ పిల్లవాడు కూడా తల ఎత్తుతాడు.

*అసలు "పెద్ద మాటలు" అంటే ఏవి*

మనం పెద్ద మాటలు అనుకునేవి వేరు, పిల్లలను పడగొట్టేవి వేరు. దీని మీద ప్రపంచంలో చాలా పని జరిగింది, అందులో మొదటి అడుగు మన ఉపఖండంలోనే పడింది. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ఎందుకు చదవలేకపోతున్నారో పరిశీలించాడు. పాఠాల్లో అరుదైన మాటలు ఎక్కువగా కుక్కేశారని తేల్చాడు. తరచుగా వచ్చే మాటలు ముందు నేర్పే వాచకాలు తయారుచేశాడు. 1935లో ఆయన పేరుతో వచ్చిన ఒక నిఘంటువు 24,000 మాటలకూ, పదబంధాలకూ కేవలం 1,490 తేలిక మాటలతోనే అర్థం చెప్పింది. 1953లో ఆయన అచ్చు వేసిన పట్టికలో సుమారు 2,000 మాటలు ఉన్నాయి. ముందు అవి రావాలి, తర్వాతే మిగతావి అని ఆయన మాట.

ఆ 2,000 తర్వాత ఏమిటి? న్యూజిలాండ్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు పై చదువుల పుస్తకాలను గాలించి 2000లో ఒక పట్టిక ఇచ్చింది. ఏ సబ్జెక్టు అయినా మళ్లీ మళ్లీ వచ్చే మాటల కుటుంబాలు 570. అందులో ఉన్నవి "అజ్యూమ్", "అనలైజ్", "కాన్సెప్ట్", "ఫాక్టర్", "సిగ్నిఫికెంట్", "వేరీ" వంటివి. చూడటానికి చిన్నవే. కానీ పదకొండో తరగతి ప్రశ్నలన్నీ వీటి మీదే నడుస్తాయి.

"ఫోటోసింథసిస్" మన పిల్లకు కష్టం కాదు. మరాఠీలో ప్రకాశ్‌సంశ్లేషణ్ అని చదివింది. ఫోటో అంటే ప్రకాశం, సింథసిస్ అంటే సంశ్లేషణ, మాట మాటకూ అతికిపోతుంది. తెలుగు కిరణజన్య సంయోగ క్రియ కూడా ఆ బాటలోదే. కష్టం "రెస్పెక్టివ్లీ" దగ్గర వస్తుంది. మరాఠీలో "అనుక్రమే", మన ఇంట్లో "వరుసగా". ఆ ఒక్క మాట తెలియక లెక్క మొత్తం తారుమారు అవుతుంది. "అజ్యూమ్" అంటే మరాఠీలో "గృహీత్ ధరా", మనకు "అనుకుందాం". "వేర్యాజ్", "హెన్స్", "అన్‌లెస్" కూడా ఇలాంటివే. వీటిని ఏ సబ్జెక్టు టీచరూ తన పని అనుకోడు. సైన్సు సారు ఇంగ్లీషు మేడం చెబుతుంది అనుకుంటారు, ఇంగ్లీషు మేడం కథలూ పద్యాలూ చెబుతుంది.

పట్టికలు బట్టీ పట్టడం గురించి కూడా ఒక మాట. సరిహద్దు అవతల మన బంధువుల పిల్లలు అమెరికా చదువులకు జీఆర్ఈ రాసేటప్పుడు బ్యారన్స్ పుస్తకంలోని 3,500 మాటలు వల్లె వేసేవారు. 2011లో పరీక్ష మారి, విడి మాటకు వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలు పోయాయి. వాక్యంలో మాట ఎలా కూర్చుందో అడగడం మొదలైంది. నార్మన్ లూయిస్ 1949లో రాసిన "వర్డ్ పవర్ మేడ్ ఈజీ" ఇప్పటికీ మన రైల్వే స్టేషను పుస్తకాల బండి మీద దొరుకుతుంది. ఆ పుస్తకం బలం ధాతువుల నుంచి మాటల కుటుంబాలు చూపించడం. పడుగు తెలిసిన పిల్లకు టెక్స్‌టైల్ చెప్పడం కూడా ఆ పద్ధతే.

*ఇప్పుడు మన పిల్లలు నిలబడ్డ చోటు*

ఈరోజు మన పిల్లల్లో చాలామంది సెమీ ఇంగ్లీష్. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో, మిగతావి మరాఠీలో. నాందేడ్, లాతూర్ రెండూ నీట్ కోచింగ్‌కు పేరుపడ్డాయి. పక్క జిల్లాల నుంచి కూడా పిల్లలు ఇక్కడికి వచ్చి గదులు తీసుకుని చదువుతున్నారు. నీట్ ప్రశ్నపత్రం మరాఠీలోనూ తెలుగులోనూ దొరుకుతుంది, మొత్తం 13 భాషలు. కానీ కోచింగ్ నోట్సు, పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నందున మన పిల్లలు పేపరు కూడా ఇంగ్లీషులోనే తీసుకుంటారు.

కాబట్టి ఇంగ్లీషు కావాలి, దాంట్లో చర్చ లేదు. నేను చెప్పేది దారి గురించి. ఉర్దూ కాలంలో మన పిల్లలు తడబడింది ఇంట్లో తెలుగు ఉన్నందుకు కాదు, బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య వంతెన లేనందుకు. మరాఠీ కాలంలో ముంచింది కూడా తెలుగు కాదు, ఉద్యోగ్‌కూ ఉద్యోగానికీ తేడా చెప్పే మనిషి లేకపోవడం. ఇంట్లో తెలుగు తీసేస్తే ఆ వంతెనకు ఒక ఒడ్డు పోతుంది. అవతలి ఒడ్డు దానివల్ల దగ్గరకు రాదు.

సంఘం ముందు నా మనవి నాలుగు మాటల్లో:

ఒకటి. ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలకు నాలుగు గళ్ల నోటుబుక్కు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో అది కనబడిన వాక్యం, మూడో గడిలో మరాఠీ, నాలుగో గడిలో తెలుగు. వాక్యం లేకుండా మాట రాయకూడదు. తెలుగు గడి కోసం పిల్ల అవ్వనో తాతనో అడగాలి. ఆ వంకతో ఇంట్లో మాటలు నడుస్తాయి.

రెండు. రోజుకు ఐదు మాటలు చాలు. కానీ మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు ఒకసారి నేర్చింది ఎంత త్వరగా జారిపోతుందో కొలిచి చూపించాడు. తిరగేయని నోటుబుక్కు అటక మీది సామానే.

మూడు. పైన రాసిన "మాట ఒకటే, అర్థం వేరు" పట్టికను పెద్దది చేద్దాం. ఉద్యోగ్, సమాధాన్ వంటివి మీకు ఇంకా ఎన్నో తెలిసి ఉంటాయి. మరాఠీ టీచర్లుగా పనిచేసి రిటైరైన పెద్దలు మనలో ఉన్నారు, వాళ్లు ఒక్క పూట కూర్చుంటే నూరు మాటలు వస్తాయి. అచ్చు వేయించి ప్రతి పిల్లకూ ఇద్దాం.

నాలుగు. పదో తరగతి పరీక్షలు అయిపోయి పదకొండు మొదలయ్యే మధ్యలో దొరికే వారాల్లో సంఘం హాల్లో ప్రశ్న చదివే తరగతి పెడదాం. జవాబు రాయించడం కాదు, ప్రశ్న మాత్రమే. "అజ్యూమ్" అంటే ఏం చేయమన్నారు, "రెస్పెక్టివ్లీ" అంటే దేనికి ఏది అని తేల్చడం. మన పిల్లల్లోనే మెడికల్, ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లు సెలవులకు వస్తారు, వాళ్లే చెప్పగలరు. డబ్బు ఖర్చు పెద్దగా లేదు, చాయ్ బిస్కెట్ ఖర్చు చాలు.

పెద్దలకు ఇంకో మనవి. మీ ఇళ్లలో పాత పెట్టెల్లో ఉర్దూ మెట్రిక్ పుస్తకాలు, తర్ఖడ్కర్ పాఠమాలలు, మిల్లు మస్టరు కాగితాలు ఉంటే రద్దీవాడికి వేయకండి. సంఘం ఆఫీసుకు తెండి, లేదా ఫోటో తీసి పంపండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ నాలుగు విషయాలూ పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. నోటుబుక్కులకు గళ్లు గీసే పని, పట్టిక మొదటి ప్రతి రాసే పని నేను తీసుకుంటాను. తెలుగు గడిలో అనుమానం వస్తే అడగడానికి మీ ఇంటికే వస్తాను.

అందరికీ శుభం.